బలం బిళ్ళ

“ఈ పొద్దు పని శానా ఉండాది, రెండు ఏసుకో మే,” అంటూ మాబున్ని ఉప్పు డబ్బా పక్కనున్న బిళ్ళల అట్టను కోడలి ముందుకు తోసింది.

మసరత్ రెండు చించుకుంది. ఒక కన్ను పొంగే పాల మీద పెట్టి, గ్లాసెడు నీళ్లతో మింగేసింది. ఆ ఇంట్లోకి ఆ బిళ్ళ వచ్చి అప్పటికి ఇరవై రోజులు. ప్రొద్దుటూరు డాక్టరమ్మ రోజుకొకటి చాలని చెప్పింది. ఆ మాట విన్నది మసరత్, ఆమె మొగుడు నయీం, ఇద్దరే. బస్సు జమ్మలమడుగు చేరకముందే నయీం ఆ బిళ్ళకు వేరే పేరు పెట్టేశాడు. “మాయమ్మకు బలం బిళ్ళ అని చెప్పు. తిక్క డాక్టరు కాడికి పోయినామంటే బాగుంటాదా? చెల్లెలి కాన్పుకు వాళ్ల అత్తగారోళ్లు వచ్చి పోతాండారు. వాళ్ల చెవిన పడితే మన మర్యాద యాడుంటాది?”

సరుకుకు పెట్టిన పేరెంత పని చేస్తుందో మసరత్‌కు తెలియనిది కాదు. పన్నెండేళ్లుగా మ్యాచింగ్ సెంటరు నడుపుతోంది. ఒకే తానును లైనింగు అని చెబితే ఆడవాళ్లు లోపల వేయించుకుంటారు, మల్ కాటన్ అని చెబితే పైన తొడుక్కుంటారు. గుడ్డ అదే, పేరును బట్టే వాడకం. బిళ్ళ విషయంలోనూ అదే జరిగింది. బలం బిళ్ళ కాబట్టి పని ఎక్కువున్న రోజు రెండు. శుక్రవారం దుకాణం మూసే రోజు కాబట్టి ఒక్కటీ లేదు. “ఇంట్లో కూర్చోనుండేదానికి బలమెందుకు? దండగ,” అనేది మాబున్ని. ఇంట్లో కూర్చోవడమంటే బాలింతకు నీళ్లు కాచడం, పసిబిడ్డ గుడ్డలు ఉతకడం, నయీం సిమెంటు ఫ్యాక్టరీ బట్టల్లోంచి బూడిద దులపడం, ఆరుగురికి రెండు పూటలా వండటం. మొదట్లో మసరత్‌కు నవ్వొచ్చేది. పోనుపోను ఆమె కూడా అది బలం బిళ్ళే అన్నట్టు వాడటం మొదలుపెట్టింది. పొద్దున లేచి, ఈ రోజు ఎంత పనుందో చూసుకుని, దాన్ని బట్టి చించుకునేది.

అసలు డాక్టరు దగ్గరికి పోయింది బలం కోసం కాదు. మూడు నెలలుగా అన్నం నోట్లో పొట్టులా ఉండేది. గుడ్డ కొలుస్తూ కొలుస్తూ ఎన్ని మీటర్లయిందో మరిచి, మళ్ళీ మొదటి నుంచి కొలిచేది. ఒక రోజు ఎవరో గులాబీ రంగు ఫాల్ అడిగితే ఏడుపొచ్చేసింది. డాక్టరమ్మ అంతా విని, ఇది షుగరులాంటి జబ్బే, భయపడొద్దంది. “మొదటి వారాల్లో నిలకడ లేనట్టుంటుంది. చెడ్డ ఆలోచనలు వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి,” అని కూడా చెప్పింది. చెడ్డ ఆలోచనలంటే అత్త మీద కోపం రావడమనుకుంది మసరత్. అదెప్పుడూ ఉన్నదే, దానికి ఫోనెందుకనుకుని ఆ మాటను అక్కడే వదిలేసింది.

రెండో వారంలో కాళ్లు మొదలయ్యాయి. నొప్పి కాదు, తిమ్మిరి కాదు. లోపల ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు, ఆపమంటే ఆపనట్టు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి. రాత్రి పడుకుంటే చాప మీద కాళ్లు వాటంతట అవి కదిలేవి. మాబున్ని మాత్రం చాలా సంతోషించింది. “చూసినావా నాయనా, బలం పట్టింది. ఆరు చేతుల పని ఒక్కతే చేస్తాండాది. నాకు తెలిసుంటే ఎప్పుడో తెప్పించేదాన్ని,” అని కొడుకుతో చెప్పింది. ఆ ఇంట్లో తనను గురించి అంత మంచి మాట మసరత్ పదిహేడేళ్లలో వినలేదు. ఒంట్లోది బాధో బలమో ఆమెకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం పసిబిడ్డ గుడ్డలు ఆరేస్తూ ఒక లెక్క మొదలుపెట్టింది. తను లేకపోతే ఏ పని ఎవరిది అని. ఎందుకు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. కుళాయి వదిలే వేళకు డ్రమ్ములు నింపాలి, నెల దాటితే ఆడబిడ్డ లేచి తిరుగుతుంది. వంట అత్త చెయ్యగలదు, చెయ్యక మానేసింది గానీ. కూతురు మహీన్ పదో తరగతి, జడ తనే వేసుకుంటోంది. పులివెందులలో అమ్మ ఏడుస్తుంది, కానీ ఆమెకు తమ్ముడి పిల్లలున్నారు. దుకాణాన్ని ఫాల్స్ కుట్టే పద్మావతమ్మ చూసుకుంటుంది. నయీంది పర్మనెంటు ఉద్యోగం, ఇంకొకతె దొరకకపోదు. తడి గుడ్డ చేతిలో ఉండగానే లెక్క ముగిసింది. ఎక్కడా తేడా రాలేదు. ఏ లెక్కయినా ఇంత సులువుగా సరిపోతే, ఎక్కడో తప్పుందని మళ్ళీ చూసుకునే మనిషి ఆమె. ఆ రోజు మళ్ళీ చూసుకోలేదు. ఒళ్లంతా తేలికైనట్టు హాయిగా అనిపించింది. సాయంత్రానికి ఆ హాయిని తలుచుకుని భయం వేసింది.

ఆ తర్వాత ఆ లెక్క రోజూ వచ్చేది. పిలవకుండానే వచ్చి కూర్చునేది. ఇది ఎవరి ఆలోచన అని తనను తాను అడుక్కునేది. ముందు నుంచీ తనలోనే పడుకుని ఉంటే బిళ్ళ లేపిందా? బిళ్ళే కొత్తగా తెచ్చిందా? లేక ఇది పదిహేడేళ్ల కాపురం తెచ్చిందా? బిళ్ళ ఆపితే ఇది పోతుందా, లేక అడ్డుగా ఉన్న ఆ ఒక్కటీ పోయి ఇంకా దగ్గరికి వస్తుందా? బిళ్ళకు ముందు ఏడుపుండేది, ఈ లెక్క లేదు. ఇప్పుడు లెక్కుంది, ఏడుపు లేదు. ఏది నయం? నయీం డ్యూటీకి పోతుంటే గడపలో నిలబడి, “నాకేందో మనసు బాగల్యా. ఏందేందో అనిపిస్తాండాది,” అంది.

“బలం బిళ్ళ ఏసుకుంటాండావు గదా, ఇంకేంది?” అన్నాడు నయీం బండి స్టార్టు చేస్తూ.

ఆ పేరు పెట్టింది అతనే. అతను కూడా మరిచిపోయాడు.

ఆ రోజే దుకాణానికి ఒకామె నెమలికంఠం రంగు చీర తెచ్చింది. ఆ రంగుతో జాగ్రత్తగా ఉండాలి. ట్యూబులైటు కింద పచ్చగా కనిపిస్తుంది, ఎండలో నీలంగా తేలుతుంది. అందుకే మసరత్ ఏ గుడ్డనూ లోపల చూసి కోసేది కాదు. చీర కొంగు, తాను రెండూ పట్టుకుని గడప దాటి, వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాకే కత్తెర పట్టేది. ఆ రోజు ఉన్నచోటే కోసి ఇచ్చేసింది. బయట మెట్టు మీద మిషను ముందు కూర్చున్న పద్మావతమ్మ ఆ ముక్కను చూసి, “ఏం మే మసరతూ, కండ్లు యాడ పెట్టినావు? ఇది పచ్చ, చీర నీలం,” అంది. వచ్చినామె నాలుగు మాటలని, చీర సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మసరత్ ఆ ముక్క పట్టుకుని గడప బయటే నిలబడింది. కాళ్లు నిలవడం లేదు. మనసులో ఉన్నదాన్ని తను ఇన్నాళ్లూ లోపలే పెట్టుకుని చూస్తోందని అప్పుడు తట్టింది.

“అక్కా, నేను లేకపోతే ఎట్లుంటాదని లెక్కేసినా. అన్నీ సరిపోయినాయి,” అంది.

పద్మావతమ్మ కాలు పెడలు మీద ఆగిపోయింది. “లేకపోతే అంటే? పుట్టింటికి పోతేనా, చస్తేనా?”

అంత సూటిగా ఎవరూ అడగలేదు. “చస్తే,” అంది మసరత్. మాట బయటికొచ్చాక చిన్నదిగా కనిపించింది.

“ఎప్పుడనుకున్నావు?”

“ఎప్పుడని ల్యా. ఊరికే లెక్క.”

“ఊరికే లెక్కేసే మనిషివి కాదు నువ్వు. ఆ లెక్కలో నన్ను యాడ ఏసినావు?”

“దుకాణం నువ్వు చూసుకుంటావని.”

“నన్నడిగినావా? నాకు ముదురాకుపచ్చకూ నలుపుకూ తేడా ఆనదు. నెలలో దుకాణం ముంచుతా. ఒక అంకె తప్పేసి మొత్తం సరిపోయిందంటాండావు. ఇంట్లోవి ఎన్ని తప్పులేసినావో.” పద్మావతమ్మ లేచి షట్టరు దించింది. “పా, ప్రొద్దుటూరు పోదాం.”

డాక్టరమ్మ ముందుగా అట్టలు చూపించమంది. ఇరవై రోజులకు ఇరవై తొమ్మిది గుంటలు ఖాళీగా ఉన్నాయి. “ఇట్లా వాడమని ఎవరు చెప్పారు?”

“బలం బిళ్ళ గదా మేడం,” అనేసింది మసరత్. అనేశాక తల దించుకుంది. తర్వాత కాళ్ల సంగతి, లెక్క సంగతి, ఆ హాయి సంగతి అన్నీ చెప్పింది. “ఇది బిళ్ళ పనేనా, నా బుద్ధేనా? అది చెప్పండి చాలు.”

డాక్టరమ్మ అట్టలు పక్కన పెట్టింది. “ఆ రెండింటినీ కోసి విడదీసి చూపించలేనమ్మా. ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లలో ఈ మందు మొదట్లో అలాంటి ఆలోచనను పెంచవచ్చని హెచ్చరిక ఉంది. మీ వయసు వాళ్లలో పెంచుతుందని కొందరంటారు, లేదని కొందరంటారు. మందు లేకపోయినా జబ్బు ఆ ఆలోచన తెస్తుంది. ఒకటి మాత్రం తెలుసు. మొదటి వారాల్లోనూ, మోతాదు మారినప్పుడూ మనిషిని కనిపెట్టుకుని ఉండాలి. మీ మోతాదు రోజుకో రకంగా మారింది. కాళ్లు నిలవకపోవడం బలం కాదు, మందు పడకపోవడం.” చీటీ రాస్తూ, “తప్పు నాదీ ఉంది. చెడ్డ ఆలోచనలన్నాను. చావాలనే ఆలోచన అని చెప్పి ఉండాల్సింది,” అంది.

సొంతంగా ఆపొద్దంది. రోజుకు సగమే వేసుకొమ్మంది. అట్ట ఇంకొకరి దగ్గర ఉంచి రోజూ అడిగి తీసుకొమ్మంది. నాలుగు రోజుల్లో మళ్ళీ రమ్మంది, ఈలోగా ఆ లెక్క గట్టిగా పట్టుకుంటే ఏ వేళయినా సరే ఫోన్ చేసి ఆసుపత్రికి వచ్చేయమంది. పద్మావతమ్మ అట్టను రవిక లోపల దోపుకుంది.

తిరుగు బస్సులో నయీం ఫోన్ వచ్చింది. మసరత్ జరిగిందంతా చెప్పింది. “చావాలనిపిస్తాందా? అయితే ఆ బిళ్ళతోనే. పారెయ్ దాన్ని. ఎవురికీ చెప్పాకు.” మసరత్ విని, కిటికీలోంచి బయటికి చూసింది. పారేస్తే బిళ్ళ పోతుంది. చెప్పకపోతే మిగిలేది మళ్ళీ తనూ, ఆ లెక్కే.

మరునాడు ఆడబిడ్డ బిడ్డకు పేరు పెట్టే రోజు. ఆమె అత్తగారి వాళ్లు నడవలో కూర్చుని టీలు తాగుతున్నారు. పద్మావతమ్మ పొద్దున్నే వచ్చి సగం బిళ్ళ చేతిలో పెట్టి పోయింది. మాబున్ని ఉప్పు డబ్బా పక్కన వెతికి వెతికి నడవలోకి వచ్చింది.

“బలం బిళ్ళలు యాడ పెట్టినావు మే? ముప్పైమందికి వండల్ల. రెండు ఏసుకో.”

నయీం చెల్లెలి మామతో మాట్లాడుతున్నవాడల్లా మసరత్ వైపు చూశాడు. మసరత్ టీ పళ్ళెం కింద పెట్టింది. కాళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆ లెక్క ఇంకా ఎక్కడో ఉంది, ఎవరిదో ఇంకా తెలియదు. నడవలోకి పొద్దుటెండ బాగా పడుతోంది.

“అది బలం బిళ్ళ కాదత్తా. నా మనసు బాగలేక మనసు డాక్టరు ఇచ్చిన బిళ్ళ. నాకు చావాలనిపిస్తాండాది. నిన్న పోయి చెప్పినా. ఇంక రోజుకు సగమే అన్నారు.” నడవలో ఎవరి చేతిలోదో కప్పు సాసరు మీద టక్కుమంది. మసరత్ గొంతు మారలేదు. “పనిని బట్టి బిళ్ళ ఇచ్చినావు గదా ఇన్నాళ్లూ. ఈ పొద్దు నుంచి బిళ్ళను బట్టి పని. బిళ్ళ సగం, పనీ సగం.”