ఐదో ఊపిరి

నేను కూర్చునే చోటు నుంచి చూస్తే లోకమంతా బూట్లే. రాజుగారి బూట్లు, సేనాపతి బూట్లు, రెండో అంకంలో చచ్చి నాలుగో అంకంలో వేరే వేషంతో వచ్చే దూత బూట్లు. రంగస్థలం ముందంచున, నడిమధ్యలో, ఒక మనిషి పట్టేంత గుంట నాది. ప్రేక్షకులకు కనపడకుండా పైన తాబేటి డిప్పలాంటి చెక్క మూత ఉంటుంది. లోపల ఒక స్టూలు, ఒక చిన్న దీపం, నాటకం ప్రతి. నటుడు మాట మరిచిపోతే నేను అందిస్తాను. ప్రాంప్టర్ అంటారు. మా కంపెనీలో మాత్రం అందరూ నన్ను గుసగుస అంటారు. నా నోరెంత పెద్దదో తెలిసినవాళ్ళు కూడా అలాగే అంటారు.

ఈ పనిలో నన్ను పెట్టింది మామయ్య. మా అమ్మకు అన్న, మా కంపెనీకి ముప్ఫై ఏళ్ళుగా రాజు. పాత ఇంగ్లీషు విషాద నాటకాల్లో కూలిపోయే రాజులు ఎంతమంది ఉన్నారో, ఇక్కడ అందరూ ఆయన ఒంట్లోనే కూలిపోయారు. అత్తయ్య కంపెనీకి దుస్తులు కుడుతుంది. మామయ్య ఎన్నిసార్లు చచ్చినా మర్నాటి ఆటకు చొక్కా మీద రంగు నెత్తురు ఉతికి ఆరేసేది ఆవిడే.

చిన్నప్పుడు నేను ఆవిడ కుట్టుమిషన్ పక్కన గుడ్డపీలికల కుప్ప మీద పడుకుంటే, మామయ్య ముఖానికి రంగు పూసుకుంటూ పాఠం చెప్పేవాడు.

"తనలో తాను అనుకుంటే స్వగతం. నలుగురి మధ్య ఒక్కడికే చెబితే జనాంతికం. పక్కనున్నవాడికి వినపడదు, ఆఖరి వరసలో వాడికి వినపడుతుంది."

"అదెలా కుదురుతుంది మామయ్యా? పక్కవాడు చెవిటివాడా?"

"కాదే పిచ్చిమొహమా. వినపడుతుంది. వినపడనట్టు ఉంటాడు. మాట చెప్పడం ఎవడైనా చెబుతాడు, అసలు నటనంతా ఆ పక్కవాడిదే."

"మరి రాజెందుకు చచ్చిపోతాడు?"

"మనిషంతా బంగారమే. ఒక్క లోపం ఉంటుంది. అది చూసేవాళ్ళందరికీ కనపడుతూనే ఉంటుంది, వాడికి తప్ప."

"నీకేం లోపం ఉంది?"

"పన్ను పుచ్చింది," అని నోరు తెరిచి చూపించాడు.

ఈసారి నాటకంలో రాజుకు సముద్రపు ఒడ్డున కోట ఉంది. నీళ్ళు మెట్లెక్కుతున్నాయని ముసలి మంత్రి చెబుతాడు. రాజు వినడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మంత్రిని వెళ్ళగొడతాడు. మొదటి అంకంలోనే రాజు చేతి గిన్నె ఒలికి మెట్టు తడుస్తుంది; రాబోయేదానికి అది సూచన. మనం గమనిస్తాం, రాజు కాలితో తుడిచేస్తాడు. చివరకు మంత్రి మునిగిపోయాడని తెలిశాక, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒక్కడే మాట్లాడుకుంటాడు.

ఆ సముద్రాన్ని కుట్టింది కూడా అత్తయ్యే. పదహారు గజాల పల్చటి నీలం బట్ట. రెండు పక్కల నుంచీ ఊపుతూ లాక్కొస్తే నా మూతను కూడా ముంచేస్తుంది. అప్పుడు గుంటంతా నీలంగా మారుతుంది. కాగితం నీలం, నా వేళ్ళు నీలం, గాలిలో తేలే దుమ్ము నీలం. మధ్యాహ్నం ఆటలు మావి. బయట ఎండ, బస్సుల హారన్లు, కూరగాయల బేరాలు. నేను మాత్రం రోజూ పది నిమిషాలు నీటి అడుగున కూర్చుని, పైన ఊగే మామయ్య నీడను చూసేదాన్ని. అంత హాయి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

నా ప్రతిలో పెన్సిలు సున్నాలుంటాయి. మామయ్య కావాలని ఆగే ప్రతిచోటా ఆయన ఊపిరి లెక్కపెట్టి, ఊపిరికొక సున్నా పెట్టుకుంటాను. సున్నాలు అయిపోయినా మాట రాలేదంటే మరిచిపోయినట్టు. అప్పుడు నేను అందుకోవాలి.

రిహార్సల్స్‌లోనే నాకు భయం పట్టుకుంది. మామయ్య, సేనాపతి వేషగాడిని పాతికేళ్ళుగా ఎరిగుండి "ఒరేయ్, నువ్వూ..." అని ఆగిపోయాడు. సింహాసనాన్ని "ఆ కూర్చునేది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అందుకే మొదటి ఆటలో తప్పు చేశాను. చివరి స్వగతం ముందు మామయ్య ఆగాడు. నా దగ్గర మూడు సున్నాలున్నాయి. మూడు ఊపిర్లు అయ్యాయి. నాలుగోదీ అయింది. మాట అందించేశాను, కంగారులో కాస్త గట్టిగానే. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మామయ్య మరిచిపోలేదు. ఆ మౌనాన్ని ఐదు ఊపిర్లు చేద్దామని ఆ మధ్యాహ్నమే అనుకుని, నాకు చెప్పలేదు.

"ముప్ఫై ఏళ్ళలో నాకు మాట అందించినవాడు లేడు," అన్నాడు గ్రీన్‌రూమ్‌లో. కిరీటం తీయలేదు. "నువ్వు నా పరువు తీశావు."

"చెప్పకుండా మారిస్తే నేనేమన్నా కలగంటానా?"

"ఇకమీదట నా నోట మాట రాకపోయినా సరే, నువ్వు నోరు విప్పకు. ఒట్టెయ్."

కోపంతోనే ఒట్టేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మా ఇంట్లో ఎప్పుడూ చెప్పేవాళ్ళమే లోకువ.

ఆ తర్వాత పదకొండు ఆటలు. మామయ్య తడబడ్డచోటల్లా పాత రాజుల మాటలు తెచ్చి అతికేశాడు. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను. వచ్చే ఏడాదికి కొత్త రాజును తీసుకుంటున్నామని డైరెక్టరు మెల్లగా చెప్పినప్పుడు మామయ్య తలూపాడు. "ఆఖరి ఆట ఒక్కటీ నిలువుగా నిలబడి పూర్తి చేస్తే చాలు," అన్నాడు నాతో. నాకూ అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది. అలా ఆఖరి ఆట వచ్చింది.

సముద్రం వచ్చింది. నా గుంట నీలమైంది. మామయ్య ఆగాడు. నేను ఊపిర్లు లెక్కపెట్టాను. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. బట్ట కింది సందులోంచి ఆయన ముఖం చూశాను. అందులోంచి రాజు వెళ్ళిపోయాడు. తెలియని స్టాపులో బస్సు దిగిన మనిషిలా మా మామయ్య మిగిలాడు. ఎనిమిది. మాట నా పెదాల మీదే ఉంది. చెబితే ఒట్టు తప్పినదాన్ని, ఆయన పరువు రెండోసారి తీసినదాన్ని. చెప్పకపోతే మూడువందల మంది ముందు ఆయన అలాగే నిలబడిపోతాడు. ఆయన మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత ప్రేమ కూడా.

అప్పుడు బూట్లు కదిలాయి. నీళ్ళను తోసుకుంటూ నా వైపే వచ్చాయి. మామయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సముద్రం ఆయన గుండెల దాకా వచ్చింది. నీలం బట్టకు అవతల, జానెడు దూరంలో ఆయన ముఖం.

"చెప్పు," అన్నాడు. గుసగుసగా కాదు, ఆఖరి వరస దాకా వినపడేంత రాజు గొంతుతో. "అప్పుడు వినలేదు. ఇప్పుడు వింటాను. చెప్పు."

ఆయన అన్న ఆ మాటలు ప్రతిలో లేవు. నేను ప్రతిలో ఉన్నదే అందుకున్నాను.

"నీళ్ళు మొదటి మెట్టు మీదుండగా నాకు చెప్పిన గొంతు ఒకటుండేది," అన్నాను.

ఆయన ఆ మాట అన్నాడు. మెల్లగా, కొత్తగా నేర్చుకుంటున్నట్టు.

"దాన్ని నేనే వాకిలి దాటించాను."

అదీ అన్నాడు.

"ఇప్పుడు ఇంత నీరుంది, ఒక్క మాట లేదు."

ఆ మాట కూడా అన్నాడు. అలా ఆఖరి వాక్యం దాకా ఒక్కొక్కటే అందించాను. మునిగిపోయిన మంత్రి నీటి అడుగు నుంచి పలుకుతున్నాడని, రాజు చెవొగ్గి వింటున్నాడని జనం అనుకున్నారు. హాలంతా లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ రాజుకు తెలియనిది వాళ్ళకు తెలుసు. ఈ ఒక్కటీ వాళ్ళకు తెలియదు.

గ్రీన్‌రూమ్ కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. అత్తయ్య రెండడుగుల దూరంలో, గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుని, రాజు అంగీ అంచు కుట్లు విప్పుతోంది. మామయ్య కిరీటం ఒళ్ళో పెట్టుకుని నన్ను దగ్గరకు పిలిచాడు. ఒట్టు సంగతి ఎత్తుతాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గరకు వంగాడు.

"మీ అత్తయ్య పేరు మూడు రోజులుగా తట్టడం లేదే," అన్నాడు. "తెలిస్తే బాధపడుతుంది. కాస్త అందించు."

అందించాను. నా జన్మలో అంత చిన్న గొంతుతో ఏ మాటా చెప్పలేదు.

అంగీ మీద అత్తయ్య చెయ్యి ఆగింది. అది నేను చూశాను, మామయ్య చూడలేదు. ఆయన వెనక్కి తిరిగి, నేను అందించిన పేరుతో ఆవిడను పిలిచాడు, పెళ్ళైన కొత్తలో పిలిచినట్టు.

అత్తయ్య నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. కళ్ళు తుడుచుకోలేదు. తల ఎత్తి, "ఏంటండీ, పిలిచారా?" అంది, అప్పుడే విన్నట్టు.