జెకర్యా రాజుకు పాడని శోకం

జెకర్యా రాజును జనం చూస్తుండగానే పొడిచి చంపిన పూట గేరా కాపలా కొలువులో లేడు. మిద్దెమీద కొత్త పెళ్ళాం పక్కన కూర్చుని అంజూర పండ్లు చీలుస్తున్నాడు.

"ఆ పెద్దది నాకు," అంది నోయా.

"దాన్లో పురుగుందే. నీ మేలు కోరి నేనే తినేస్తున్నా."

"అబ్బో, మేలు కోరే మొగుడు!" లాక్కోబోతే రసం అతని మోచేతిదాకా కారింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

కొత్తగా పెళ్ళయినవాడు ఏడాదిపాటు ఇంటిపట్టునే ఉండి భార్యను సంతోషపెట్టాలన్నది పాత కట్టడి. ముసలిరాజు యుద్ధాల్లో పడి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కొడుకు జెకర్యా గద్దెనెక్కగానే కాపలావాళ్ళలో కొత్త పెళ్ళికొడుకులను పిలిచి "ఇళ్ళకు పొండి" అన్నాడు. గేరా ఈటె అప్పజెప్పి ఇంటిదాకా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

నోయా అత్త అహ్లాయి రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. షోమ్రోను పట్నంలో ఎవరు పోయినా శోకం పాడేది ఆమే. నోయాకూ నేర్పుతోంది. పాడె కోట గుమ్మం దాటేటప్పుడు పోయినవాడి మంచిపని ఒకటి చెప్పి ఏడవాలి. ఆ పాటే ఊళ్ళో నిలుస్తుంది. సమాధికి రాయి మూశాక కొత్త శోకం కట్టకూడదు.

"రాజును చంపేశారమ్మాయ్. చంపిన షల్లూమే ఇక రాజట. ఏడ్చినదాని ఇంట్లో మగాణ్ణి పట్టుకుపోతారట."

గేరా చేతిలో పండు అలాగే ఉండిపోయింది. "నేను ఆయన పక్కన ఉండాల్సినవాణ్ణి."

"అయినా ఆర్నెల్ల రాజుకు ఏం చెప్పి ఏడుస్తాం?" అంది అహ్లాయి.

"ఒకటుంది అత్తా," అంటూ నోయా మొగుడివైపు చూసింది.

సాయంత్రం పాడె గుమ్మం దాటింది. 'అయ్యో నా ఏలికా, నా మొగుణ్ణి నాకిచ్చినవాడా' అన్న మాట నోయా గొంతుదాకా వచ్చింది. ఎదురుగా కత్తులు దూసిన భటులు. పక్కన గేరా, చేతిమీద ఇంకా అంజూర రసపు చార. ఆమె మాట మింగేసింది. రాయి మూశారు.

నెల తిరిగేసరికి షల్లూమునూ చంపి మెనహేము రాజయ్యాడు. యుద్ధానికి మనుషుల్ని పోగుచేస్తూ తిర్సా ఊరి భటుడొకడు వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు.

"మాకు పెళ్ళయి ఏడాది నిండలేదు బాబూ! ఇంటిపట్టున ఉండమని జెకర్యా రాజు పంపాడు," అంది నోయా.

"ఎవరు, ఆ ఆర్నెల్లాయనా? ఆయనేదో మంచి చేశాడని ఎవరూ పాడగా మేం వినలేదే!" భటుడు గొంతు తగ్గించాడు. "విని ఉంటే ఇంటికి పంపమని నేనూ అడిగేవాణ్ణి అక్కా. నాకూ మొన్ననే పెళ్ళయింది."

అహ్లాయి గోడవైపు తిరిగింది.

గేరా చెప్పులు తొడుక్కుని, బుట్టలోంచి పెద్ద పండొకటి తీసి నోయా చేతిలో పెట్టాడు.

"దీన్లో పురుగు లేదులే. నువ్వే తిను."