ఎనిమిదో గొంతు

మంగళవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి నెవెన్కా వంటింట్లో ఫ్రిజ్ ఆపేసింది. కిటికీలు మూసింది. పడకగదిలో బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచింది. లోపల చలికోట్లు వేలాడుతుంటే గది గొంతును తిప్పికొట్టదని పాటల వీడియోలు చేసే వింకో చెప్పాడు. ఆ కోట్లకు ఎదురుగా ఆమె భర్త జెర్కో నిలబడ్డాడు. నడుము పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కింద పాత పైజామా. ఫోను నడుము వరకే చూస్తుంది.

"కదలకు. మీసం ఎడమవైపు వంగింది," అంటూ నెవెన్కా సరిచేసింది.

"పాడేది నేనే, మీసం కాదు."

"చూసేవాళ్లకి మీసమే కావాలట. వింకో చెప్పాడు."

జెర్కో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గట్టిగా ఒక్కసారి చప్పట్లు చరిచాడు. బొమ్మను ఫోను తీస్తుంది, గొంతును పక్కనున్న చిన్న రికార్డర్ పట్టుకుంటుంది. ఆ చప్పుడు దగ్గర రెండింటినీ అతికిస్తే పెదవీ మాటా కలుస్తాయి. చెవిలో టిక్కు టిక్కుమని తాళం మొదలైంది. డెబ్బై ఒక్క ఏళ్ల జెర్కో నిండుగా ఊపిరి తీసి మంద్రం అందుకున్నాడు.

ఇందులో తప్పేముందని చదివేవాళ్లు అడగవచ్చు. ఉంది. అది ఆ గదిలో ఉన్నవాళ్లకు కూడా తెలియదు.

వాయిద్యాలు లేకుండా గొంతులు కలిపి పాడే జట్టును మా తీరంలో క్లాపా అంటారు. మా ఊరి క్లాపాలో ఎనిమిది మంది. రేవు దగ్గర భుజాలు ఆనించుకుని గుండ్రంగా నిలబడి పాడేవాళ్లు. ఎదురుగా చెయ్యి ఊపేవాడు ఉండడు. ఒకరి ఊపిరి ఒకరు విని పాట ఎత్తుకోవాలి, అంతే. తర్వాత బతుకుతెరువు వాళ్లను తలో దిక్కుకూ తరిమింది. కొందరు రాజధాని జాగ్రెబ్ వెళ్లారు. పైస్థాయి పాడే బార్తుల్ సరుకుల ఓడలో వంటవాడయ్యాడు. నాలుగేళ్లుగా ఎక్కడివాళ్లు అక్కడే పాడి పంపుతుంటే, జట్టులో ఒకడైన, ఊళ్లో కట్టుడు పళ్లు చేసే వింకో ఆ ముక్కలన్నీ ఒకే తెరమీద ఎనిమిది గళ్లలో అతికించి వీడియో చేస్తున్నాడు. జెర్కోది అన్నిటికంటే పెద్ద గడి. రేవులో పర్యాటక కార్యాలయం వాళ్లు పెట్టిన పోస్టర్ మీద కూడా ఆ తెల్ల మీసమే.

శుక్రవారం కొత్త వీడియో వచ్చింది. ఎప్పుడూ బొమ్మ చూసి మురిసిపోయే నెవెన్కా ఈసారి బంగాళదుంపలు చెక్కు తీస్తూ, తెర చూడకుండా చివరిదాకా విని కత్తి కింద పెట్టింది.

"ఇందులో నువ్వు లేవు."

"కళ్లజోడు పెట్టుకో. ఆ పెద్ద గడిలో ఉన్నదెవరు, మీ మేనమామా?"

"కళ్లతో కాదయ్యా, చెవులతో చెబుతున్నా. కిందికి దిగే ముందు నువ్వు ఒక ఊపిరి తీస్తావే, అది లేదు. నలభై నాలుగేళ్లు ఆ ఊపిరి పక్కన పడుకున్నాను. నాకు తెలీదా?"

జెర్కో నవ్వేశాడు. నవ్వాడే గానీ, ఆమె బయటికి వెళ్లాక మూడుసార్లు విన్నాడు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే పోల్చుకోగలిగాడు. మంద్రం పాడేవాడి గొంతు విడిగా వినబడకూడదు, అందరి కిందా పునాదిలా ఉండాలి అని తనకు తానే చెప్పుకున్నాడు. ఒకరిని అనుమానించడం ఆయనకు అలవాటు లేదు. అయినా మనసు కుదుటపడలేదు.

అందుకే తర్వాతి పాట రికార్డు చేసేటప్పుడు ఒక పని చేశాడు. రెండో చరణం రాగానే, రాగం చెడకుండా, పాటలోని సముద్రం మాటలు మానేసి సంత చీటీ పాడాడు. రెండు కిలోల చిన్న చేపలు, ఒక కట్ట పాలకూర, వెనిగర్ అయిపోయింది, వెనిగర్ అయిపోయింది. ఫోను పట్టుకున్న నెవెన్కా నవ్వు ఆపుకోలేక రెండో చేత్తో ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుంది.

వారం తిరక్కుండా వీడియో వచ్చింది. పాట తేనెలా ఉంది. ఎక్కడా వెనిగర్ లేదు. నాలుగువేల మంది చూశారు. రెండో చరణంలో ఏడు నోళ్లు ఒకలా, ఎనిమిదో నోరు ఇంకోలా కదులుతుంటే ఒక్కరంటే ఒక్కరు గమనించలేదు. పైగా కింద ఒకావిడ రాసింది: "తాతగారి గొంతు వింటుంటే ఒళ్లు జల్లుమంది." అది చదివి జెర్కో కుర్చీలో కూలబడ్డాడు. తిట్టినా అంత బాధపడేవాడు కాదు.

ఇది ఒక్క మా ఊరి క్లాపా సంగతే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాదు. పెద్దవాళ్లను సంఘానికి గౌరవాధ్యక్షులను చేస్తాం, తీర్మానాలు మాత్రం ముందే రాసుకొస్తాం. పెళ్లి ఫొటోలో నడిమధ్య కూర్చోబెడతాం, ముహూర్తం కుదిరిన సంగతి అందరికంటే చివర చెబుతాం. వాళ్లు కనిపిస్తే మనకు గౌరవం, వినిపిస్తే మనకు చిరాకు. దీన్ని మర్యాద అనుకుంటున్నాం కూడా.

మర్నాడు జెర్కో వింకో పనిగదికి వెళ్లాడు. బల్లమీద సున్నపు దవడ అచ్చులు వరసగా ఆరుతున్నాయి.

"ఒరేయ్ వింకో, నా పైవరస పళ్లు చేసిందెవరు?"

"నేనే బాబాయ్. గుచ్చుకుంటున్నాయా?"

"బాగున్నాయి. పళ్లు నువ్వే పెట్టి, నోరు నువ్వే మూశావేంరా?"

వింకో చేతిలోని ఆకురాయి ఆగిపోయింది. అతను చెడ్డవాడు కాడు. అబద్ధం చెప్పకుండా తలూపాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడాది ఈస్టర్ నుంచి. మంద్రం పాడే రెండోవాడి గొంతునే రెండుసార్లు వేస్తున్నాను."

"శ్రుతి తప్పుతున్నానా?"

"అబ్బే! ఆలస్యం బాబాయ్. టిక్కు పడ్డాక అరక్షణం ఆగి దిగుతావు. రేవులో పాడినప్పుడు మేమంతా నీ ఊపిరి విని నీతోపాటే దిగేవాళ్లం, తెలిసేది కాదు. మిషను ఎవరికోసమూ ఆగదు కదా. నీ గొంతును ముందుకు జరిపి చూశాను. ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడుతోంది."

"నాకు చెప్పొచ్చుగా?"

"బాధపడతావని..."

"అందుకని ఏడాది పైగా బీరువా ముందు నిలబెట్టి బొమ్మలాట ఆడించావా? సరే. గొంతు అక్కర్లేనప్పుడు మొహం కూడా తీసెయ్."

"నువ్వు లేకపోతే ఎవరు చూస్తారు బాబాయ్!"

"ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. నీ ఇష్టం."

తర్వాతి వీడియోలో ఏడు గళ్లే ఉన్నాయి. తాతగారు ఎప్పుడు పోయారని జనం అడిగారు. కొవ్వొత్తుల బొమ్మలు పెట్టారు. రొట్టెల కొట్టు దగ్గర ఒకావిడ నెవెన్కా చెయ్యి పట్టుకుని సంతాపం చెప్పింది. "పోలేదమ్మా, టమాటాలకి నీళ్లు పెడుతున్నాడు," అంది నెవెన్కా. ఆమె నవ్వుతూనే అంది గానీ ఇంట్లో నవ్వు లేదు. జెర్కో గడ్డం గీసుకుంటూ కూడా కూనిరాగం తీయడం మానేశాడు. ఈ మనిషి ఇక ఎప్పటికీ పాడడేమోనని ఆమెకు భయం పట్టుకుంది.

వీడియో చూసిన బార్తుల్ ఏదో రేవు నుంచి వింకోకు ఫోన్ చేశాడు. వింకో జరిగిందంతా చెప్పాడు.

"నీకు సిగ్గు లేదట్రా? మాకూ చెప్పలేదు."

"పాట బాగుండాలనే కదా చేశాను."

"ఏం బాగు? ఓడలో ఆ టిక్కు వింటూ పాడుతుంటే గడియారంతో కాపురం చేస్తున్నట్టుంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మీతో కలిసి పాడినట్టు లేదు నాకు. ఆ టిక్కు పీకి అవతల పారెయ్. ముందు బాబాయ్‌ని పాడించి, ఆ గొంతు మా చెవుల్లోకి పంపు. ఆయన ఊపిరి పట్టుకుని మేం వస్తాం."

"అలా చేస్తే పాట ఆలస్యంగా నడుస్తుంది రా."

"దేనికంటే ఆలస్యం?"

ఆ సాయంత్రమే వింకో రికార్డర్ జేబులో వేసుకుని జెర్కో తోటలోకి వెళ్లాడు.

"జాలిపడి వచ్చావా?" అన్నాడు జెర్కో, టమాటా తీగ కడుతూ తల ఎత్తకుండా.

"లేదు బాబాయ్. తప్పు చేశాను, క్షమించు. ఏడుగురం ఎక్కడ దిగాలో తెలీక నిలబడి ఉన్నాం. నువ్వు ముందు దిగాలి."

జెర్కో ఇంకో తీగ అందుకున్నాడు. వంటింటి కిటికీలోంచి నెవెన్కా కేకేసింది. "వెళ్లి పాడవయ్యా! ఈ మూగమొహంతో కాపురం చేయడం నా వల్ల కాదు!"

జెర్కో పాడాడు. చెవిలో ఏమీ లేకుండా, తన ఊపిరి ఎక్కడ నిండితే అక్కడ దిగుతూ, చివరిదాకా పాడాడు. ఆ గొంతు జాగ్రెబ్ వెళ్లింది, ఓడకు వెళ్లింది, మిగతా ఇళ్లకూ వెళ్లింది. తిరిగొచ్చిన ఏడు గొంతుల్నీ దాని పక్కన పేర్చినప్పుడు వింకో జరపాల్సింది దాదాపు ఏమీ లేకపోయింది. పాట పదకొండు క్షణాలు పెరిగింది. చూసినవాళ్లు మునుపటిలో సగమే. ఎవరో నెమ్మదిగా ఉందని రాశారు కూడా. నెవెన్కా మాత్రం స్టవ్ కట్టేసి విని, కళ్లు తుడుచుకుంది.

మూడోరోజు పర్యాటక కార్యాలయం నుంచి గోర్దానా ఫోన్ చేసింది. దీవులకు వెళ్లే పడవల్లో తెరలమీద ఆ వీడియో వేసవంతా వేద్దామనుకున్నారట. కాస్త సాగుతోందని, పెద్దాయన్ని తెరమీద అలాగే ఉంచి పాత వీడియోల్లా వేగంగా చేసిస్తే చాలని చెప్పింది. వేసవంతా పడవల్లో తమ పాట మోగాలని వింకో నాలుగేళ్లుగా కలలు కన్నాడు. అందుకే తెరమీది పెద్ద గడిని మరోసారి చూసుకున్నాడు.

"కుదరదు మేడమ్," అన్నాడు చివరికి. "ఏడాది పైగా నేను చేసిన తప్పు అదే. ఒక మనిషిని మనతో కలుపుకోవడమంటే అతని కోసం ఆగడం. ఆగే ఓపిక లేనివాళ్లకు అతని బొమ్మ పెట్టుకునే హక్కు లేదు."