బేసిన్ ఎవరి చేతిలో

మెల్లకన్ను సరిచేసేటప్పుడు కంటి కండరాన్ని లాగితే, మత్తు దిగాక కడుపులో తిప్పుతుంది. పిల్లలకు మరీనూ. మత్తు డాక్టరుకు ఆ సంగతి కొత్త కాదు. కొత్తదల్లా, ఈసారి ఆమె ఒక ఏడేళ్ల పిల్లకు మాటివ్వడం.

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆ పిల్లకు కిందటేడు ఇంకో ఆస్పత్రిలో ఎడమ కన్నుకు ఆపరేషన్ చేశారు. సాయంత్రం దాకా వాంతులే. ఇప్పుడు కుడి కన్ను అనేసరికి మంచం కింద దూరింది. "వాంతి రాదని ఒట్టేస్తేనే వస్తా," అంది. డాక్టరు ఒట్టేసింది. వేశాక, తనది కాని కడుపు మీద ఒట్టేమిటని నవ్వుకుంది. కాస్త భయపడింది కూడా.

చేయగలిగిందంతా చేసింది. వాంతులు ఆపే మందులు రెండు ముందే ఇచ్చింది. సెలైన్ ధారాళంగా ఎక్కించింది. "నెమ్మదిగా లాగండి సార్," అని కంటి డాక్టరు ప్రాణం తోడేసింది.

ఆపరేషన్ అయిపోయింది. పిడుగు మెలకువ వచ్చినా కళ్లు మూసుకునే పడుకుంది. పక్కనే అమ్మమ్మ, ఒళ్లో స్టీలు బేసిన్.

"కడుపులో తిప్పుతోందా తల్లీ?"

"లేదు."

"కొంచెం కూడా?"

పిల్ల మొహం చిట్లించి గుటక మింగింది. "ఏమో."

డాక్టరుకు అర్థమైంది. అడిగినప్పుడల్లా పిల్ల తన లోపలికి వెళ్లి వెతుక్కుంటోంది. అలా వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు.

"ఆ బేసిన్ ఇటివ్వండమ్మా. అడగడం కూడా ఆపేయండి. తనే అడిగేదాకా నీళ్లు కూడా వద్దు."

"మరి వస్తేనో డాక్టరమ్మా?"

"నేనున్నాగా. వేరే ఏదైనా మాట్లాడండి."

అమ్మమ్మ బేసిన్ ఇచ్చేసింది. తర్వాత పిడుగు తల్లి చిన్నప్పుడు సూదికి భయపడి బీరువాలో దూరి నిద్రపోయిన సంగతి ఎత్తుకుంది. వీధి వీధంతా వెతికారట.

"అమ్మ కూడానా?"

"లేకపోతే నీకెక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావే?"

పిల్ల పెదవి ఒక పక్కకు సాగింది. కొంతసేపటికి, "దాహమేస్తోంది," అంది. అమ్మమ్మ చెంచాతో నీళ్లు పోసింది. అవి లోపలే ఉండిపోయాయి. అడక్కుండా నిలబడటం ఎంత కష్టమో డాక్టరుకు అప్పుడు తెలిసింది.

"డాక్టరాంటీ," అంది పిడుగు కళ్లు తెరవకుండానే. "బేసిన్ మీ వీపు వెనకాల పట్టుకున్నారు కదూ. మీ వాచీకి తగిలి చప్పుడవుతోంది."

నిజమే. రెండు చేతులతో, గట్టిగా.

"ఒట్టేసి కూడానా?"

అమ్మమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరు వెళ్లి కిటికీ దగ్గర బేసిన్ బోర్లించి వచ్చింది. ఖాళీ చేతులతో ఏం చేయాలో తోచక పిల్ల పాదాల మీద దుప్పటి సర్దింది.

"ఇంకో చెంచా," అంది పిడుగు.