చివరి బెంచీ దాకా

పిల్లకు జడ వేయాలి. బిందెలు నింపాలి. పెద్దత్తయ్యను మోకాళ్ళ డాక్టరుకు చూపించాలి. ఎనిమిదికల్లా ఆస్పత్రి హాల్లో నిలబడి రోగుల పేర్లు పిలవడం మొదలుపెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ రోజు ఆ పేర్లు చివరి బెంచీ దాకా వినబడాలి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే రేపటి నుంచి వేరే మనిషిని పెడతానని సూపర్‌వైజరు చెప్పేశాడు.

ఆస్పత్రిలో ఆమెను పిల్లిగొంతు అంటారు. సన్నటి మనిషి. గడ్డం గుండెకు ఆనించి, చేతిలో చీటీకే రహస్యం చెబుతున్నట్టు పేరు పిలుస్తుంది.

పెద్దత్తయ్యంటే సొంత అత్త కాదు. అత్తగారికి ముత్తాతల దగ్గరెక్కడో కలిసే అక్క వరుస. చూసేవాళ్ళు లేక నిరుడు వీళ్ళింటికి వచ్చింది. పాపం, చెవుడు. ఆవిడ నోరు తెరిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చుంటుంది. అందుకని ఇంటిల్లిపాదీ ఆవిడతో అరిచే మాట్లాడతారు.

ఆవిణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టి ఆమె పనిలో పడింది. కాసేపటికే పేర్లు వినబడక వెనక బెంచీల్లో రోగుల గొణుగుడు మొదలైంది. సూపర్‌వైజరు తల ఎత్తాడు.

"ఏమే కోడలా, పేరు సగం నువ్వే మింగేస్తున్నావు. మాకూ కాస్త మిగల్చు."

హాలంతా వెనక్కి తిరిగింది. అది అరుపు కాదు. పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంది, కానీ ఈ గోడ నుంచి ఆ గోడకు వినబడింది. చేతికర్ర ఊని ఒక ముసలాయన లేచాడు.

"మహారాజా, తమరేనా?"

"కిరీటం లేకపోయినా గుర్తుపట్టావే," అంది పెద్దత్తయ్య.

మైకుల్లేని రోజుల్లో రాజు వేషం కట్టి ఊళ్ళకు ఊళ్ళను కట్టిపడేసిన ఆడమనిషి ఈవిడేనని, టికెట్టు దొరక్క గోడ బయట నిలబడి కూడా నాటకమంతా విన్నామని ఆయన అందరికీ చెప్పాడు.

మోకాళ్ళ డాక్టరుకు చూపించాక, తిండి వేళ డబ్బా విప్పుతూ ఆమె అలవాటుగా అరిచింది. "మాకెందుకు చెప్పలేదు పెద్దత్తయ్యా?"

"అడిగిందెవరు? మాత్ర వేసుకున్నారా, తిన్నారా, ఇవేగా మీరు అరిచేది. ఇంటిల్లిపాదికీ చెవుడు కాబోలు పాపం అని నేనూ గొంతు పెంచాను."

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది.

"నాకు నేర్పుతారా?" ఈసారి మెల్లగా అడిగింది.

"చీటీతో మాట్లాడకు. ఆ మూల ఎవరో నీమీద అలిగి కూర్చున్నారనుకో. వాళ్ళను బుజ్జగించి పిలువు. పేరు తోక తెగకుండా వాళ్ళ చేతికందాలి."

మధ్యాహ్నం ఆమె గడ్డం ఎత్తింది. చాలాసేపు పేరు సగం హాలు కూడా దాటలేదు. ఎండ కిటికీ దిగేవేళకు, వెనక కునుకు తీస్తున్న ఒకతను తన పేరు విని "ఆఁ, ఇక్కడే ఇక్కడే" అంటూ లేచాడు.

"ఇంత గొంతు ఎక్కడ దాచావమ్మా?" అన్నాడు సూపర్‌వైజరు.

"మా ఇంట్లోనే ఉందండీ. మేమే చూసుకోలేదు."

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అరవలేదు. సాయంత్రాలు పెద్దత్తయ్య చెప్పేది, మిగతావాళ్ళు వినేవాళ్ళు. చలికాలం దాటకముందే ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఆవిడ పెట్టె అడుగున, మెత్తటి గుడ్డలో చుట్టి దాచిన మీసం ఒకటి దొరికింది. ఒక్క వెంట్రుకా చెదరలేదు. ఎక్కడైనా ఎవరైనా మీ పేరును నిండుగా పిలిస్తే, ఆ మీసం పెట్టుకున్న ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.