వెనక బెంచీ మేడమ్

కుచ్చిళ్ళకు పిన్ను పెట్టుకుంటూండగానే కింద కొట్లో ఎండుమిరప బస్తా విప్పినట్టున్నారు, ఘాటు మెట్లెక్కి మేడ మీదికి వచ్చేసింది. ఉమాదేవి వరసగా తుమ్మి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. బడా బజార్‌లో ఆ ఇంట్లోనే పుట్టి, ఆ ఇంట్లోనే తల నెరిసినా ఆ ఘాటు ఆమెకు అలవాటు కాలేదు. తండ్రి నడిపిన టోకు వ్యాపారం ఇప్పుడు తమ్ముడు లోకనాథ్ చూసుకుంటున్నాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళు కూడా ఎప్పుడో అడగడం మానేశారు.

పొట్టి మనిషి. మోకాళ్ళు అరిగిపోయి, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతుంది. కింద మరదలు వాసవీకుమారి కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

“శనివారం కూడానా వదినా? కాళ్ళు సూసుకున్నారా, ఎలా వాసిపోయాయో! బడికి ఎల్లినట్టు రాసి ఇచ్చేస్తే సరిపోదా ఏటి?”

“సరిపోద్ది. అందరూ అదే సేస్తన్నారు,” అని ఉమాదేవి కాఫీ తాగి, చెప్పులు వేసుకుంది.

కాబోయే టీచర్లకు పాఠం చెప్పడం నేర్పే ఉద్యోగం ఆమెది. ఒడిశాలో, బరంపురంలోని శిక్షణ కళాశాలలో తెలుగు విభాగం అంటే ఆమె ఒక్కతే. ట్రైనీలు బడుల్లో పాఠం చెబుతుంటే ఆమె వెనక బెంచీలో కూర్చుని చూసేది. “గొంతు పెంచాలి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు. పిల్లల చేత శుద్ధమైన భాష పలికించాలి.” ఈ మూడు మాటలూ చెప్పి చెప్పి ఆమె జుట్టు తెల్లబడింది. వెనక బెంచీ మేడమ్ అని పిల్లలు చాటుగా పేరు పెట్టుకున్నారని ఆమెకు తెలుసు.

కిందటి వారం ఆ కళాశాలలోనే అధ్యాపకులకు శిక్షణ జరిగింది. భువనేశ్వర్ నుంచి సస్మిత అనే అమ్మాయి వచ్చింది. నవ్వుమొహం, పొట్టి జుట్టు. “టీచర్లను తయారుచేసే మీరు చిన్నపిల్లల ముందు నిలబడి ఎన్నాళ్ళయింది?” అని ఒడియాలో అడిగింది. ప్రతి ఒక్కరూ ఒక బడికి వెళ్ళి స్వయంగా పాఠం చెప్పాలనీ, తమ ట్రైనీలను వెనక కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పింది ఎదురాడకుండా వినాలనీ పురమాయించింది. టీ దగ్గర అందరూ ఆమెను విసుక్కున్నారు. ఉమాదేవి మాత్రం ఆ ప్రశ్నను ఇంటికి మోసుకెళ్ళింది.

ఈ శనివారం రైలు స్టేషన్లో సాయిసుధ ఎదురుచూస్తోంది. తెలుగు విభాగంలో మిగిలిన ఒకే ఒక్క ట్రైనీ. కిందటి నెల గిరిసోల బడిలో రెండో తరగతికి పాఠం చెబుతూ, నోట మాట రాక మధ్యలో ఆగిపోయింది. వెనక నుంచి ఉమాదేవి ఆ మూడు మాటలూ అన్నది. ఆ పిల్ల తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. చదువు మానేసి బట్టల షాపులో బిల్లులు కొట్టే పనికి వెళ్ళిపోతానని, తరువాత ఎవరితోనో అన్నదట.

పాసింజరు కదిలింది. పెట్టె సగం ఖాళీ. ఒకప్పుడు ఇదే బండిలో పెట్టె నిండా ఆమె ట్రైనీలే ఉండేవారు. చుట్టిన చార్టులు పై బల్ల మీద పెట్టుకుని, పిల్లలకు నేర్పబోయే పాటలు బండి చప్పుడుకు వరస కలిపి పాడుకునేవారు. ఢిల్లీశ్వరరావు అనే కుర్రాడు పాడుతూ పాడుతూ గిరిసోల దగ్గర దిగడం మరిచి ఆంధ్రాలోని ఇచ్ఛాపురం దాకా వెళ్ళిపోయాడు ఓసారి. ఆ రోజుల్లో ఆమె కూడా పాడేది. ఎప్పుడు మానేసిందో తలుచుకుంటే గుర్తుకు రాలేదు. కిటికీలోంచి మొగలి పొదలు వెనక్కి పోతున్నాయి. అవి మాత్రం మారలేదనిపించింది.

“మేడమ్, ఈరోజు నాను సెప్పాలా?” సాయిసుధ బెదురుగా అడిగింది.

“నువ్వు కాదు, నాను. నువ్వు సూడు.”

ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది.

గిరిసోల బడి హెడ్మాస్టరు పైడన్న ఒకప్పుడు ఆమె ట్రైనీయే. గేటు దాకా ఎదురొచ్చాడు. “మీరు సెప్తారా? నాను సదివినప్పుడు కూడా మీరు సుద్దముక్క ముట్టుకోగా సూల్లేదు మేడమ్!” అని నవ్వాడు. పరిహాసంగానే అన్నాడు గానీ అది ఆమెకు గుచ్చుకుంది.

రెండో తరగతి గదిలో ఉమాదేవి బొమ్మల చార్టు తగిలించింది. వానలో గొడుగు లేకుండా నడుస్తున్న ముసలమ్మ. వెనక బెంచీలో సాయిసుధ కూర్చుంది.

“ఈ చిత్రంలో మీకేమి కనిపిస్తున్నది?”

పిల్లలు ఆమె వైపే చూస్తున్నారు. మళ్ళీ అడిగింది, గొంతు పెంచింది. చివరికి ముందు వరసలోంచి తవిటమ్మ అనే పిల్ల లేచి, “ఆ ముసల్ది ఏటి సేస్తంది?” అంది.

“‘ఏటి’ కాదమ్మా, ‘ఏమిటి’ అనాలి,” అన్నది ఉమాదేవి.

అది ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చింది. తవిటమ్మ కూర్చుంది. పెదవులు బిగబట్టుకుంది. ఆ తరువాత గదిలో ఎవరూ నోరు విప్పలేదు. ఉమాదేవి బోర్డు వైపు తిరిగింది. బోర్డు మీద రాయబోతే సుద్దముక్క విరిగింది. ఇలా నిలబడిపోయిన వాళ్ళను ఆమె ఎంతమందినో చూసింది. చూసినప్పుడల్లా, సరిగా తయారై రాలేదు అనుకున్నదే తప్ప, వాళ్ళ కాళ్ళు వణుకుతున్నాయని ఎన్నడూ అనుకోలేదు.

వెనక బెంచీ వైపు చూసింది. “సాయిసుధా, నువ్వయితే ఏం చేస్తావు?”

ఆ పిల్ల లేచి నిలబడింది. “నానయితే... పిల్లల్తో పాటు కింద కూకుంటానండి.”

ఉమాదేవి కింద కూర్చోబోయింది. మోకాళ్ళు సగంలోనే మొరాయించాయి. ఎటూ కాకుండా వంగిపోయిన ఆమెను గుమ్మంలోంచి చూసి, మధ్యాహ్న భోజనం వండే కాసులు తన వంటగదిలోని ముక్కాలిపీట పరుగున తెచ్చి వేసింది. “దీని మీద కూకోండమ్మా. నాకూ మోకాళ్ళే.”

ఉమాదేవి పీట మీద కూర్చుంది. ఇప్పుడు పిల్లల మొహాలు ఆమె మొహానికి ఎదురుగా ఉన్నాయి. ముక్కు కారుతున్నవాళ్ళు, పళ్ళూడినవాళ్ళు. తవిటమ్మ వైపు వంగి, బడిలో ఎన్నడూ మాట్లాడని ఇంటి మాటలో అడిగింది. “ఏటే తల్లీ, ఈ ముసల్ది గొడుగు మరిసిపోనాదా ఏటి?”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత గదంతా నవ్వింది.

“మరిసిపోనేదు,” తవిటమ్మ కోపంగా అంది. “మేకకి ఇచ్చేసినాది.”

“మేకకా? ఎందుకే?”

“మేక ఈనింది మరి! పిల్ల తడిసిపోదేటి?”

ఇక ఆపితే ఒట్టు. ఒకడు మేకకు పేరు పెట్టాడు, ఒకడు వానను ఆపేస్తానన్నాడు. “బోర్డు మీద రాయమ్మా,” అన్నది ఉమాదేవి. “వాళ్ళు ఎలా అంటే అలాగే.” సాయిసుధ రాసింది, వంకరటింకర అక్షరాలతో. ముసల్ది గొడుగు మేకకి ఇచ్చేసినాది. తమ మాటే బోర్డెక్కేసరికి, పుస్తకంలో ఒక్క వాక్యం చదవలేని పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తూ అరిచి చదివారు. అది పుస్తకంలో ఎలా రాస్తారో ఆ కిందనే సాయిసుధ రాసింది. అదీ చదివారు. గంట కొట్టింది, ఎవరూ వినలేదు.

తరువాత వరండాలో ఇద్దరూ కూర్చున్నారు. “సెప్పు. నాను ఎదురాడకూడదట,” అన్నది ఉమాదేవి.

సాయిసుధ చున్నీ అంచు నలిపింది. “మొదట్లో మీకు బయమేసింది గదండి.”

“ఏసింది.”

“మీకు అలాటివి ఉండవనుకున్నాను.” చున్నీ అంచు వదిలేసింది. “ఏటి అన్నందుకు ఆ పిల్లని దిద్దారు సూడండి, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నా మాటా అదే గదండి.”

ఉమాదేవి తల దించుకుని విన్నది. ఎన్నేళ్ళుగానో వెనక బెంచీలోంచి తాను మూయించిన నోళ్ళు గుర్తొచ్చాయి. ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“సోమారం నాను సెప్తాను మేడమ్. కానీ మీరు ఎనక్కి ఎల్లిపోకండి. నా పక్కన కూకోండి.”

“అలాగేనమ్మా.”

తిరుగు రైల్లో ఉమాదేవి ఏదో పాట సన్నగా అందుకుంది. చరణం గుర్తు రాక అక్కడే ఆపి, తనలో తాను నవ్వుకుంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని మేడ మీదికి వెళ్ళింది. సాయంత్రం కాఫీకి ఎంత పిలిచినా పలక్కపోతే వాసవీకుమారి పైకి వెళ్ళింది. ఉమాదేవి గోడ వైపు ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

సోమవారం పొద్దున దహనం అయ్యాక సాయిసుధ ఇంటికి వెళ్ళలేదు. బస్సెక్కి, మధ్యాహ్నానికి గిరిసోల చేరుకుంది. ఈరోజు వద్దులే అమ్మా అని పైడన్న అన్నా వినలేదు. తరగతిలోకి వెళ్ళి, శనివారం నుంచీ అక్కడే ఉండిపోయిన ముక్కాలిపీటను పక్కకు లాక్కుని, పిల్లల మధ్య కింద కూర్చుంది.

“ఆ ముసలి టీచరేదీ?” అని తవిటమ్మ అడిగింది.

“ఆవిడ ఇంక రారు తల్లీ.” సాయిసుధ తవిటమ్మ వైపు వంగింది. “నువ్వు సెప్పు. వాన ఎలిసినాక ఆ మేకేటి సేసినాది?”

తవిటమ్మ చెప్పడం మొదలుపెట్టింది. కాసులు తన పీట కోసం గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, అది అడక్కుండానే వెనక్కి వెళ్ళిపోయింది. పిల్లలు దగ్గరగా జరిగారు గానీ, సాయిసుధ పక్కన ఆ ముక్కాలిపీట మీద మాత్రం ఎవరూ కూర్చోలేదు.