తిరుగు పరుగు

పెంబ్రోక్ దగ్గర మూతపడ్డ విమానాశ్రయపు రన్‌వే మీద నా రిమోట్ కారు గంటకు నూట ముప్పై ఎనిమిది మైళ్ల వేగం అందుకుంది. గాలికి ఎదురుగా తిరుగు పరుగు కూడా తీస్తేనే మా క్లబ్బు ఆ వేగాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అదీ బాగా వస్తే, క్లబ్బులో నా పాత స్నేహితుడు ఎమ్రిస్ రికార్డు పోతుంది. నా భార్య నెస్టా అంత్యక్రియలకు రాకుండా, ఆ రోజే వాడు ఇక్కడ కొట్టిన రికార్డు అది.

కారు తిప్పి చూశాను. వెనక టైరు అంచున జిగురు ఊడింది. ఆ టైర్లను చక్రాలకు అతికించింది నెస్టా. ఇంకోసారి పరుగెత్తిస్తే ఆ వేగానికి ఉబ్బి చిరిగిపోతాయి.

"ఏంరా ముసలోడా, భయమేస్తోందా?" అన్నాడు ఎమ్రిస్. దగ్గరికొచ్చి టైరు చూసి గొంతు తగ్గించాడు. "నెస్టా అతికించినవేనా?"

"అవును."

తన పెట్టెలోంచి కొత్త టైర్లు తీశాడు. "ఇవి వేసుకో. నా రికార్డు పోతే పోయింది."

"నీవి నాకొద్దు."

"సరే. టీ అయినా తాగుతావా?"

తిరుగు పరుగు తీయకుండానే కారును పెట్టెలో సర్దేశాను. రికార్డు వాడి దగ్గరే ఉంది. వాణ్ణి నేను క్షమించలేదు. ఫ్లాస్కులోంచి పోసిచ్చిన టీ మాత్రం తాగాను.